పెరూ సముద్రం కాగితే కపిలతీర్థం పొంగుతుందా?

(తిరుపతిలో రైతులు, డిగ్రీ విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సాయంత్రపు సభలో విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పిల్లలకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి... ఎవరూ ఎత్తలేదు. అంటే వినపడుతోందని అర్థం, లేదంటే ఈ మాట కూడా వినపడలేదని అర్థం. (నవ్వులు)

మొన్న పాకాల బస్సులో నా పక్కన ఒకాయన పేపరు చదువుకుంటా కూర్చోనుండాడు. ఉన్నట్టుండి మడిచి ఒళ్లో పెట్టుకుని, "ఎల్ నినో అంట సార్, ఇంగ చేను సంగతి అంతే" అన్నాడు. ఏం పెట్టినావప్పా అంటే చెనిక్కాయ అన్నాడు. నేను అడిగినాను: "2015లో మీ ఊరి చెరువు ఎట్లుండె?" ఆయన మొహం మారిపోయింది. "ఆ యేడు చెరువు నిండి మొరవ పోయింది సార్. కట్ట తెగుతాదేమోనని రాత్రంతా లాంతర్లు పెట్టుకుని కాపలా కాస్తిమి" అన్నాడు. "2015 ఎల్ నినో సంవత్సరమే. అదీ అల్లాటప్పాది కాదు, చరిత్రలో పెద్దవాటిలో ఒకటి" అంటే నన్ను ఎగాదిగా చూసినాడు. ఇంతలో ఆయన దిగాల్సిన స్టాపు వచ్చింది. ఆయనకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను.

మొదట సముద్రం సంగతి. మిట్టమధ్యాహ్నం స్వర్ణముఖి ఇసకలో చెప్పుల్లేకుండా నడిచి చూడండి, కాలు పెట్టలేరు. అదే ఇసక తెల్లారుజామున చల్లగా ఉంటుంది. పుష్కరిణి నీళ్లు అట్లా కాదు, పగలూ రాత్రీ పెద్ద తేడా ఉండదు. నీళ్లు వేడిని మెల్లగా తీసుకుంటాయి, మెల్లగా వదులుతాయి. పెనానికీ రాగి సంగటి ముద్దకూ ఉన్నంత తేడా. స్టవ్ ఆపితే పెనం చల్లారిపోతుంది, సంగటి ముద్ద లోపల మాత్రం నోరు కాలుతుంది. భూమి చుట్టూ ఉన్న గాలి మొత్తంలో ఎంత వేడి పడుతుందో అంత వేడి సముద్రంలో పైపై మూడు మీటర్ల నీళ్లలోనే పడుతుంది. అందుకే గాలికి నిన్నటి సంగతి గుర్తుండదు, సముద్రానికి నెలల తరబడి గుర్తుంటుంది. రేపటి వానను చెప్పాలంటే గాలిని చూడాలి. వచ్చే మూడు నెలల వాన తీరు చెప్పాలంటే సముద్రాన్ని చూడాలి.

ఇప్పుడు పసిఫిక్ మహాసముద్రానికి పోదాం. భూమధ్యరేఖ వెంబడి అక్కడ ఏడాది పొడవునా తూర్పు నుంచి పడమరకు గాలి వీస్తుంది. పెద్ద తాంబాళంలో నీళ్లు పోసి ఒక పక్క నుంచి ఫ్యాను పెడితే నీళ్లు రెండో అంచుకు నెట్టుకుపోతాయి కదా, అట్లా ఎండకు కాగిన పైనీళ్లన్నీ ఇండోనేషియా వైపు చేరతాయి. అక్కడ సముద్ర మట్టం పెరూ తీరం కంటే దాదాపు అర మీటరు ఎత్తు. పెరూ దగ్గర ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లని నీళ్లు పైకి వస్తాయి. ఆ నీళ్లతో ఎరువూ వస్తుంది, దాంతో చేపలు కోట్లకొద్దీ. ఇది మామూలు ఏడాది సంగతి.

కొన్నేళ్లకోసారి ఆ గాలి సడలుతుంది. నెట్టేవాడు చెయ్యి తీస్తే నీళ్లు ఊరుకుంటాయా? ఇండోనేషియా దగ్గర పోగైన వేడినీళ్లు తూర్పుకు తిరుగుముఖం పడతాయి. పెరూ దగ్గర చల్లనీళ్లు పైకి రావడం ఆగిపోతుంది, చేపలు కనబడవు. అక్కడి జాలర్లు ఇది క్రిస్మస్ నాటికి బాగా తెలుస్తుందని బాలయేసు పేరు పెట్టుకున్నారు. ఎల్ నినో అంటే వాళ్ల భాషలో 'ఆ పిల్లవాడు' అని. గాలి సడలకుండా మరీ గట్టిగా వీచి మధ్య పసిఫిక్ మరింత చల్లబడితే అది లా నినా, అంటే 'ఆ పిల్ల'. శాస్త్రవేత్తలు మధ్య పసిఫిక్‌లో ఒక గడి గీసుకుని అక్కడి నీటి వేడిని సగటుతో పోలుస్తారు. అర డిగ్రీ ఎక్కువై నెలల తరబడి నిలిస్తే ఎల్ నినో, అర డిగ్రీ తక్కువై నిలిస్తే లా నినా. అర డిగ్రీయే కదా అనుకోకండి. మనకు ఒంట్లో ఒక డిగ్రీ పెరిగితే ఆఫీసుకు సెలవు పెడతాం.

దీని గుట్టు సగం బయటపడింది మన దేశంలోనే, అదీ మన కరువుల పుణ్యాన. మా అవ్వ ధాత కరువు కథలు చెప్పేది. ఆమె చూసింది కాదు, వాళ్ల అవ్వ చూసింది. ధాత నామ సంవత్సరం, అంటే 1876-77. అప్పుడు చిత్తూరు జిల్లా అనేది లేదు, మనమంతా ఉత్తర ఆర్కాటులో ఉండేవాళ్లం. లక్షల మంది పోయినారు. బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దగ్గరి భాగం ఆ కరువు పనుల్లో తవ్వించిందే. ఆ కరువు వెనక పెద్ద ఎల్ నినో ఉందని ఇప్పుడు తెలుసు, అప్పుడు ఎవరికి తెలుసు? ఆ తర్వాత 1899లో మళ్లీ పెద్ద కరువు. తెల్లవాళ్ల సర్కారు చివరికి గిల్బర్ట్ వాకర్ అనే కేంబ్రిడ్జి గణితం పండితుణ్ణి తెచ్చి 1904లో వాతావరణ శాఖ పెద్దగా కూర్చోబెట్టింది. ఆయనకు వాతావరణం తెలీదు, లెక్కలు తెలుసు. ప్రపంచంలో దొరికిన ప్రతి ఊరి గాలి పీడనం లెక్కలూ తెప్పించి గుమాస్తాల చేత పట్టికలు వేయించినాడు. అందులో ఒక ఏతం కనబడింది. అవును, మన బావుల మీద ఉండే ఏతామే. పసిఫిక్ వైపు పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది, ఇటు పెరిగితే అటు తగ్గుతుంది. కింద సముద్రం వేడికీ పైన ఈ ఏతానికీ లంకె ఉందని 1960ల్లో బ్యర్క్‌నెస్ అనే ఆయన చూపించేదాకా అది సగం కథే.

ఒక పక్కమాట. ఇదే వాకర్ 1913 ఫిబ్రవరిలో మద్రాసుకు వచ్చినప్పుడు పోర్టు ట్రస్టులో ఒక గుమాస్తా నోటుపుస్తకాలు చూసి, ఈ అబ్బాయికి స్కాలర్‌షిప్ ఇవ్వండని యూనివర్సిటీకి ఉత్తరం రాసినాడు. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్. వానలు చెప్పడంలో వాకర్ అంతగా గెలవలేదు, మనిషిని గుర్తించడంలో మాత్రం గెలిచినాడు.

సరే, మన ఊరికి వద్దాం. ఎల్ నినో వస్తే ఏతం తిరగబడుతుంది. ఇండోనేషియా మీద పైకి లేవాల్సిన గాలి కిందికి దిగుతుంది, మన నైరుతి రుతుపవనాలకు ఊపు తగ్గుతుంది. 2002, 2009, 2015 అన్నీ ఎల్ నినో ఏళ్లే, అన్నిట్లోనూ దేశం మొత్తమ్మీద జూన్-సెప్టెంబరు వాన గట్టిగా దెబ్బతినింది. 2009లో అయితే సగటులో 78 శాతమే పడింది. పేపర్లు రాసేది ఈ సంగతే. ఢిల్లీ నుంచి రాస్తారు, వాళ్లకు ఉండేది నైరుతి ఒక్కటే.

మనకు రెండున్నాయి. మన జిల్లాలకు నైరుతీ ఈశాన్యమూ చెరి సగం అన్నట్టు పంచుకుని ఇస్తాయి. చెనిక్కాయ చేను నైరుతి బిడ్డ, చెరువు ఈశాన్యం బిడ్డ. ఇక్కడే తమాషా. ఎల్ నినో ఏడాది అక్టోబరు వచ్చేసరికి ఇండోనేషియా మీద గాలి దిగుతూ ఉంటుంది, మబ్బులు కట్టే తావు హిందూ మహాసముద్రం పడమటి వైపుకు జరిగి ఉంటుంది. ఆ రెంటి మధ్యన తూర్పుగాలి బలపడి బంగాళాఖాతం తేమనంతా మోసుకొచ్చి తమిళనాడు, నెల్లూరు, మన శేషాచలం మీద కుమ్మరిస్తుంది. అంటే జూన్‌లో మన నోటి దగ్గర కూడు లాక్కున్న పిల్లవాడే నవంబరులో తెచ్చి పెడతాడు. లా నినా ఏడాది దీనికి తిరుగుడు. నైరుతి బాగుంటుంది, ఈశాన్యం సన్నగిల్లే అవకాశం ఎక్కువ.

2015, 2016 పక్కపక్కన పెట్టి చూడండి. 2015 నవంబరు, డిసెంబరుల్లో చెన్నై మునిగింది, నెల్లూరు మునిగింది, మన చెరువులు మొరవలు పోయినాయి. మరుసటి ఏడాది లా నినా, పైగా హిందూ మహాసముద్రం కూడా ఎదురు తిరిగింది. ఈశాన్యం ఘోరంగా ఎగ్గొట్టింది. తమిళనాడులో నూరేళ్లలో అట్లాంటిది అరుదు. డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నైని తాకినప్పుడు వచ్చిన వానే ఆ యేడు మనలో చాలామందికి గుర్తున్న వాన.

హిందూ మహాసముద్రం ఎదురు తిరగడమంటే ఏమిటి? మన సముద్రానికీ ఒక చిన్న ఏతం ఉంది. ఆఫ్రికా వైపు వేడెక్కి సుమత్రా వైపు చల్లబడితే మనకు మంచిది, అటుదిటైతే చెడ్డది. దీన్ని 1999లో మన దేశపు సాజి, జపాన్ యమగాట, వాళ్ల సహచరులు కలిసి బయటపెట్టినారు. అంతకు రెండేళ్ల ముందు జరిగింది తలుచుకోండి. 1997లో పసిఫిక్‌లో మహా ఎల్ నినో. దేశమంతా కరువని గుండెలు బాదుకున్నారు. తీరా చూస్తే వాన సగటుకు కాస్త పైనే. ఈ చిన్న ఏతం మన వైపు మొగ్గి కాపాడింది. పెద్దాయన కోప్పడినా ఇంట్లో అవ్వ అడ్డుపడినట్టు.

ఇంక తుపానులు. పిల్లలు ఎదురు చూస్తున్నది దీనికోసమే అనుకుంటా.

తుపాను పుట్టాలంటే సముద్రం పైపొర కనీసం 26.5 డిగ్రీల వేడి ఉండాలి, ఆ వేడి చాలా లోతుదాకా ఉండాలి. బంగాళాఖాతానికి ఈ విషయంలో లోటు లేదు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి అన్నీ తెచ్చి మంచినీళ్లు పోస్తాయి. మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీళ్ల మీద మూతలాగా తేలుతాయి, కింది చల్లదనాన్ని పైకి రానివ్వవు. మరి జూలై, ఆగస్టుల్లో సముద్రం వేడిగానే ఉన్నా పెద్ద తుపాన్లు ఎందుకు రావు? కుండల దొంతి పెట్టి చూసినారా? తుపాను అట్లాంటి దొంతి, పది పదిహేను కిలోమీటర్ల ఎత్తు. నైరుతి కాలంలో కింద గాలి పడమటి నుంచి తోస్తుంది, పైన గాలి తూర్పు నుంచి తోస్తుంది. దొంతి నిలవదు. అందుకే ఆ నెలల్లో అల్పపీడనాలు వాయుగుండాల దాకా వచ్చి ఆగిపోతాయి. అక్టోబరులో ఆ రెండు గాలులూ సద్దుమణగగానే కుండ మీద కుండ నిలబడుతుంది. దివిసీమ 1977 నవంబరు 19, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, మిచౌంగ్ 2023 డిసెంబరు 5. తేదీలు చూడండి, అన్నీ ఆ మూడు నెలల్లోనే.

సైక్లోన్ అనే మాట పుట్టిందీ ఇక్కడే. కలకత్తాలో ఉండిన పిడింగ్టన్ అనే ఆయన 1840ల్లో గ్రీకు భాష నుంచి తీసి పెట్టినాడు, పాము చుట్ట అని అర్థం వచ్చేట్టు. సముద్రం మీంచి వచ్చే ఆ పాముచుట్ట తగిలేది ఎక్కడ? ఆదిశేషుడి కొండకు! (నవ్వులు, చప్పట్లు) నవ్వకండి, ఇందులో భౌతికశాస్త్రం ఉంది, దానికి మళ్లీ వస్తాను.

అట్లాంటిక్‌లో పుట్టిన తుపానునే హరికేన్ అంటారు, చైనా సముద్రంలో అయితే టైఫూన్. మనిషి ఒకడే, ఊరు మారితే పేరు మారింది. ఎల్ నినో వచ్చిందంటే అట్లాంటిక్ పైభాగాన పడమటిగాలి బలపడి కుండల దొంతిని పడదోస్తుంది, హరికేన్లు తగ్గుతాయి. లా నినాలో ఆ అడ్డు పోతుంది. 2020లో లా నినా, అట్లాంటిక్‌లో పేరు పెట్టిన తుపాన్లు 30. వరసగా పెట్టుకున్న పేర్లు అయిపోయి గ్రీకు అక్షరాలకు దిగినారు. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఈ సభలో ఎంతమందో ఉంటారు. మా మేనకోడలు హ్యూస్టన్‌లో ఉంటుంది. 2017 ఆగస్టులో హార్వీ వచ్చినప్పుడు మా అక్క మూడు రోజులు ఫోను చెవి దగ్గరి నుంచి తీయలేదు. నాలుగైదు రోజుల్లో అక్కడ కొన్నిచోట్ల వెయ్యి మిల్లీమీటర్లు దాటింది, మనకు ఏడాదంతా పడేదానికంటే ఎక్కువ.

అట్లాగని లెక్క ఎప్పుడూ ఒకేలా తేలదు. 1992లో అట్లాంటిక్ చాలా నెమ్మదిగా ఉండింది, వచ్చినవే గుప్పెడు. అందులో ఒకటి ఆండ్రూ, ఫ్లోరిడాలో ఊళ్లకు ఊళ్లను చదును చేసింది. 2023లో గట్టి ఎల్ నినో ఉన్నా, అట్లాంటిక్ నీళ్లే ముందెన్నడూ లేనంత కాగి ఉండటం వల్ల 20 తుపాన్లు లేచినాయి. ఎల్ నినో పాచికల బరువు మారుస్తుంది. పాచిక వేసేది మాత్రం అది కాదు.

ఈ మాట మనకు 2021లో బాగా అర్థమైంది. ఆ యేడు లా నినా. నేను ఇంతసేపూ చెప్పిన లెక్క ప్రకారం ఈశాన్యం సన్నగిల్లాలి. నవంబరు 18 రాత్రి తిరుపతిలో ఉన్నవాళ్లకు ఏం జరిగిందో నేను చెప్పనక్కరలేదు. రోడ్ల మీద కార్లు తేలినాయి. ఘాట్ రోడ్ల మీద కొండరాళ్లు దొర్లినాయి. కపిలతీర్థం జలపాతం దగ్గరికి పోయి నిలబడలేని మోత. స్వర్ణముఖి మీద వంతెనలు తెగినాయి. కొండకు అవతలి పక్కన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు 19 తెల్లారుజామున తెగి ప్రాణాలు పోయినాయి. ఆ తర్వాత రోజులు రాయలచెరువు కట్ట కారుతోందని చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించినారు.

ఇంత చేసింది ఏ తుపాను? పేరు చెప్పండి. (నిశ్శబ్దం) గుర్తు రావడంలేదు కదా. రాదు, పేరు లేదు. అది తుపాను కాదు, వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తప్ప మన వాతావరణ శాఖ పేరు పెట్టదు. చెన్నైని 2015 డిసెంబరు ఒకటిన ముంచిందానికీ పేరు లేదు. తీరం నుంచి మనం వంద కిలోమీటర్ల లోపే ఉన్నాం కానీ మన దాకా వచ్చేసరికి గాలి తగ్గుతుంది, తేమ తగ్గదు. ఆ తేమగాలి నేరుగా వచ్చి శేషాచలానికి కొట్టుకుంటుంది. పోవడానికి దారి లేక పైకెక్కుతుంది, పైకెక్కితే చల్లబడుతుంది, చల్లబడితే కురుస్తుంది. వాయుగుండం కదలకుండా కూర్చుంటే కొండ ఆ నీళ్లను పిండుతూనే ఉంటుంది. ఇందాక పాముచుట్ట అన్నది ఇందుకే. టీవీలో పేరున్న తుపాను కోసం ఎదురుచూసి, పేరు లేనిదాన్ని తేలిగ్గా తీసుకోవడం మన ఊరికి పనికిరాదు.

లా నినాలో వాయుగుండాలు ఎందుకు అంత బలంగా వచ్చినాయి అంటే, ఎల్ నినో, లా నినాల మీద ఇంకో అల ఉంది. నెలా రెండు నెలలకోసారి మబ్బుల గుంపు ఒకటి భూమధ్యరేఖ వెంబడి తూర్పుకు నడుస్తుంది. మ్యాడెన్, జూలియన్ అనే ఇద్దరు 1971లో పట్టుకున్నారు. అది మన సముద్రం మీదికి వచ్చినప్పుడు లా నినా ఉన్నా ఒకటీ రెండు వారాలు వాన దంచుతుంది. సముద్రం ఋతువుకు స్వభావం ఇస్తుంది, ఇట్లాంటివి వారాన్ని నిర్ణయిస్తాయి.

చిత్తూరు రోడ్డులో గాదంకి దాటుతుంటే లోపల వరసలు వరసలుగా యాంటెన్నాలు ఉంటాయి. 1024 ఉన్నాయి. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వాళ్ల రాడారు అది. మన నెత్తి మీద ఏ ఎత్తులో గాలి ఎటు ఎంత వీస్తోందో నిమిషాల్లో చెబుతుంది. ఇందాక చెప్పిన కుండల దొంతి వంకర అట్లాంటి చోట్లే కొలుస్తారు. ఎల్ నినో కబురు పెరూ నుంచి రావాలి కానీ దాని చివరి వాక్యం మన పాకాల మండలంలో చదవొచ్చు.

అంచనాలు ఎప్పుడు నమ్మాలి అని అడుగుతారు. ఉగాదికి పంచాంగ శ్రవణంలో ఈ యేడు ఇన్ని కుంచాల వాన అని చెబుతారు కదా. శాస్త్రజ్ఞులకు కూడా ఎల్ నినో సంగతిలో అత్యంత బలహీనమైన కాలం ఆ ఉగాదే. మార్చి నుంచి మే దాకా పసిఫిక్ ఎటు తిరుగుతుందో దానికే తెలీదు. అప్పుడు చేసిన అంచనాలు చాలాసార్లు తప్పుతాయి. కాబట్టి ఏప్రిల్లో పేపరు చూసి విత్తనం అమ్ముకోవద్దు, జూన్ కబురు చూడండి. చెరువు సంగతికైతే సెప్టెంబరు చివర వచ్చే ఈశాన్యం అంచనా చూడండి.

ప్రశ్నలుంటే అడగండి. అమ్మా, మీరు చెప్పండి... మామిడి తోట సంగతా? బాగా అడిగినారు. ఎల్ నినో ఏడాది నవంబరు, డిసెంబరుల్లో వాన జాస్తి అయితే చెట్టు పూతకు పోకుండా ఇగురుకు పోతుంది. మబ్బు నిలిస్తే తేనెమంచు పురుగు ఎక్కువవుతుంది. తోతాపురి వాళ్లు చెరువు నిండిందని సంతోషిస్తూనే పూత ఆలస్యమని తిట్టుకుంటారు. ఎప్పుడు ఏ మందు కొట్టాలో నన్నడగొద్దమ్మా, తోటల శాఖ వాళ్లను అడగండి. నేను కొట్టమన్నది కొట్టి మా తమ్ముడు ఒకసారి నష్టపోయినాడు. ఇప్పటికీ పండగలకు గుర్తు చేస్తాడు. (నవ్వులు)

ఆ అబ్బాయి... భూతాపం వల్ల ఎల్ నినోలు పెరుగుతాయా? దాని మీద ఇంకా వాదనలు తెగలేదు. తెగిన సంగతి ఒకటుంది. 1951కీ 2015కీ మధ్య మన హిందూ మహాసముద్రం ఉష్ణమండల భాగం సగటున ఒక డిగ్రీ వేడెక్కింది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుంది. కాబట్టి పాచిక ఎటు పడినా, పడినప్పుడు వాన బరువుగా ఉంటుంది.

పెద్దాయన, మీరు రామచంద్రాపురం వైపా? రాయలచెరువు కింద ఉన్నారా... ఈ యేడు నిండుతుందా అని అడుగుతున్నారు. అది నేను చెప్పలేను తాతా, వాకరే చెప్పలేకపోయినాడు. స్వాతి కార్తె నుంచి అనూరాధ కార్తె దాకా, అంటే అక్టోబరు చివర నుంచి డిసెంబరు మొదలు దాకా, వాయుగుండం అని వినబడితే పేరుందా లేదా అని చూడొద్దు. అది కదులుతోందా, కూర్చుందా అని అడగండి. కూర్చుంది అంటే గొడ్లను మెరక మీద కట్టేయండి, మొరవ దగ్గర అడ్డం పడిన కంపా చెత్తా ఆ పగలే తీయించండి. రాత్రికి చేతకాదు.